కిటికీ అద్దము, నాలుగు గీతల సంగ్రామము

కుక్కరు శంఖము పూరింపగా, కుళాయి దుందుభి మ్రోగింపగా, సకల గృహకృత్య సంకులమైన ఒక ఉదయమున, బడి బస్సు వచ్చుటకు పదునైదు నిమిషములే మిగిలిన ఘోర ముహూర్తమున, రెండవ అంతస్తు వంటింటిలో, పదవ తరగతి చదువే కవచముగా, బాల్‌పెన్నే ఖడ్గముగా, శంకాశతసహస్ర పీడిత హృదయయైన ఒక తల్లి, కూతురి బడి డైరీ యెదుట సమరసన్నద్ధయై నిలిచెను.

కారణము వినుడు. ముందునాటి సాయంత్రము జడ విప్పించుకొనుచు ఆ కూతురు, తన బెంచీ ప్రక్క కిటికీ అద్దము పగిలినదనియు, వారము దినములుగా చలిగాలి తిన్నగా మెడకే తగులుచున్నదనియు నోరుజారెను. అంతే. తల్లి ఊహాశ్వము జలుబును దాటి, దగ్గును దాటి, న్యుమోనియాను ఒక్క గంతున లంఘించి, ఆసుపత్రి మంచము కడ గాని ఆగలేదు. టీచరుకు వ్రాసితీరెదనని ఆమె ప్రతిన పూనగా, కూతురు పిడుగు వంటి షరతు విధించెను.

“మా టీచర్ డైరీలన్నీ క్లాసులో పైకి చదువుతుంది. నేను చెప్పానని అందులో ఉందనుకో, ఇంక జన్మలో నీకేదీ చెప్పను.”

న్యుమోనియాకు మందు కలదు. ఈ మౌనమునకు ఏ దుకాణమునందును లేదు.

డైరీలో తల్లిదండ్రులకు దక్కిన భూభాగము నాలుగు గీతలు. పుటలకు అంకెలున్నవి గనుక చింపుటకు వీలులేదు. “కిటికీ సంగతి నాకు తెలిసింది” అని వ్రాసి, ఎవరి వలన తెలిసినదందురోయని వణకి, అక్షరము కానరాకుండ కొట్టివేసెను. మొదటి గీత నేలకొరిగెను. “నా దృష్టికి వచ్చింది” అని వ్రాసెను. వంటింటి నుండి అంత దూరము ఏ దృష్టి సాగునని సిగ్గుపడి దానిని వధించెను. “నా చెవిన పడింది” అని వ్రాయగా తలుపు చాటున నక్కినట్లుండెను, అదియు కూలెను. “పసిగట్టాను” అను మాట పెన్ను మొన దాక వచ్చి, పోలీసు కుక్క ఉత్తరము వ్రాసినట్లు తోచి వెనుదిరిగెను. “కనిపెట్టాను” అనుటకు అదేమి కొత్త గ్రహమా?

దిక్కుతోచక, గడ్డము గీసుకొనుచున్న భర్తను శరణు వేడెను.

“తెలిసిందని రాసి పారెయ్యవే, అదేమన్నా శాసనమా?” అనెను భర్త.

“ఎలా తెలిసిందని అడిగితే ఏం చెప్పనండీ?”

“కలొచ్చిందని చెప్పు.”

అంతలో వీధి మలుపున బస్సు హారను సింహనాదము చేసెను. మిగిలినది ఒక్క గీత. అందు తానైనను పట్టవలెను, కిటికీయైనను పట్టవలెను. ఇద్దరికీ చోటు లేదు. అప్పుడా వీరమాత, తనకు తెలిసిన సంగతిని, తెలిసిన తీరును, చివరకు తన్నును సైతము రణరంగము నుండి ఉపసంహరించుకొని, ఊపిరి బిగబట్టి వ్రాసెను: “కిటికీ అద్దం పగిలి ఉంది, వేయించగలరు.”

కూతురు బూటు ముడి వేసుకొనుచు చదివెను. చదివినంతసేపు తల్లి రెప్ప వేయలేదు.

“ఇది పైకి చదివినా పర్లేదులే,” అని ఆ పిల్ల డైరీని తన చేతులతోనే సంచిలో పెట్టుకొని, మెట్లు సగము దిగి, ఆగి, తల పైకెత్తెను. “అమ్మా, ఇంకోటి కూడా ఉంది. సాయంత్రం చెప్తా.”

ఇట్లు ఆ తల్లి మూడు గీతలు పోగొట్టుకొని, నాల్గవ గీతతో, సాయంత్రము చెప్పబోవు ఒక్క మాటను గెలుచుకొనెనని దశదిశలు ఘోషించుగాక! ఆ మాట ఏమైయుండునోయని విజేత అప్పుడే మెట్ల మీద చతికిలబడి, జ్వరము మొదలుకొని ఒక్కొక్క విపత్తునే తలచుకొన నారంభించెను.