మెట్లబావి దగ్గర నిమ్మకాయలు

సుందర్ రావుకు ఏళ్లుగా ఒక సందేహం. దేవుడు మనిషికి ఊరినిచ్చింది చూడడానికా, ఊరికే ఉండడానికా? కాశిబుగ్గలో ఆయన వెళ్లే చర్చి సంఘంలోని కుటుంబాలు ఏటా వేసవిలో హైదరాబాద్ పోయి వాటర్ పార్కులో మునిగి వస్తాయి. దగ్గరే ఉన్న పాత రాతికోట ఖిలాను మాత్రం బయటి ఊళ్లవాళ్లు వచ్చి చూసిపోతుంటారు. ఈ సంగతి ఆయన ప్రార్థనలోనూ పెట్టాడు, కమిటీ ముందూ పెట్టాడు. కమిటీయే కాస్త ఆలస్యంగా విన్నది.

అలా ఈ ఏడాది ఖిలాలో కుటుంబాలకు నిధి వేట ఖాయమైంది. చీటీలో ఒక చిక్కుప్రశ్న, దాని జవాబుగా ఒక పాత కట్టడం, అక్కడ ఇంకో చీటీ, చివర్లో ఒక డబ్బా. పాస్టర్ ప్రవీణ్ ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టాడు. పిల్లలు విసుక్కుంటే వచ్చే ఏడు మళ్లీ వాటర్ పార్కే. ఖిలా మాట ఇక ఎత్తకూడదు. ఏమైనా సరే ఈ వేట జరిగి తీరాలని సుందర్ రావు నిశ్చయించుకున్నాడు.

శనివారం పొద్దున్నే ప్రార్థన చేసుకుని ఒక్కడే స్కూటర్ మీద బయలుదేరాడు. సంచిలో చీటీలతో పాటు నిమ్మకాయలున్నాయి. పిల్లలు నోట్లో చెంచా పెట్టుకుని, దాని మీద నిమ్మకాయ నిలిపి నడవాలి. పడిపోతే మార్చుకోవడానికి ప్రతి చోటా ఒకటి ఉంచాలి. డబ్బాలో ఆయన భార్య రూతు చేసిన రవ్వలడ్డూలున్నాయి కాబట్టి, చీమలు పట్టకుండా చుట్టూ చల్లడానికి పసుపు తెచ్చాడు. ముళ్లకంప అడ్డొస్తే తొలగించడానికి ఒక పార. ఇంట్లో సర్దుకున్నప్పుడు వీటిలో దేనికీ వంక కనిపించలేదు.

పొదలు కమ్మిన చిన్న మెట్లబావి అంచున డబ్బా ఉంచి, పసుపు చల్లి, నిమ్మకాయ పెట్టి లేచేసరికి ఎదురుగా ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు సమ్మమ్మ. ఇల్లూ పొలమూ ఖిలా లోపలే. ఆమె నిమ్మకాయను చూసింది, పసుపును చూసింది, పారను చూసింది.

"ఏం జేస్తానవ్ పెద్దమనిషి?"

సుందర్ రావు అబద్ధమాడే మనిషి కాదు. "నిధి కోసమమ్మా" అన్నాడు.

ఆమె అరవలేదు. పోయి భర్త మొగిలయ్యను, ఆయనతో పాటు వాడకట్టునంతా తీసుకొచ్చింది. పూజలు చేసి గుప్తనిధులు తవ్వే దొంగల గురించి అందరూ విన్నారు. చూడడం ఇదే మొదలు. సుందర్ రావు తెల్లచొక్కా, మర్యాద చూసి మొగిలయ్యకు అనుమానం ఇంకా పెరిగింది. ఇది పిల్లల ఆట అని ఎంత చెప్పినా వినలేదు.

"ఆటకు పసుపెందుకే?"

"చీమల కోసం అన్నా."

"చీమలకు పూజ జేస్తానవా?"

అంతలో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమన్నాడు మొగిలయ్య. అవతల పాస్టర్.

"అంకుల్, నిధి కాడ అన్ని పెట్టుడయిందా? పిల్లలను బస్సుల ఎక్కిచ్చిన. ఎండ ముదరకముందే పని గావాలె."

పిల్లల మాట వినగానే గుంపుకు బలి గుర్తొచ్చింది. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. సమ్మమ్మ ఇంటికి పోయి మనవరాలిని లోపల పెట్టి తాళం వేసి వచ్చింది.

సుందర్ రావును ఒక రాయి మీద కూర్చోబెట్టారు. ఇంకెన్ని నిమ్మకాయలు దాచాడో చూడాలని కొందరు పొదలు కొట్టసాగారు. ఒకరికి చీటీ దొరికింది. 'తొండం విరిగిన ఏనుగు వెనక చూడు' అని ఉంది. సగం గుంపు ఏనుగును వెతకడానికి పోయింది. మిగతా సగం బావిలోకి దిగింది. కట్టడాన్ని కాపాడడానికే దిగుతున్నామని ఒకరికొకరు చెప్పుకున్నారు. అయితే ఇంత పొద్దున్నే దొంగ వచ్చాడంటే లోపల ఏదో ఉండకపోదని కూడా అనుకున్నారు. ముళ్లకంప, సీసాలు, ఏళ్లనాటి చెత్త పైకొచ్చాయి. కింద నుంచి మెట్లు వరసగా బయటపడ్డాయి.

సుందర్ రావుకు బెంగంతా చీటీ మీదే. "తమ్మీ, జర ఆ చీటీ మళ్ల ఆడ్నే పెట్టియ్యరాదూ. పిల్లలు ఒస్తాండ్రు" అని బతిమాలాడు. పట్టుబడ్డాక కూడా ఇంత పట్టుదల ఉన్న దొంగను మొగిలయ్య ఎక్కడా చూడలేదు.

ఎస్సై జీపు, సంఘం బస్సు ఒకేసారి వచ్చాయి. ఎస్సై ప్రశ్న మొదలుపెట్టేలోగా ఖిలా రాతి తోరణం వైపు నుంచి పిల్లలు వరసగా వచ్చారు. నోట్లో చెంచాలు, చెంచాల్లో నిమ్మకాయలు, చేతులు వెనక్కి. వాళ్ల వెనకే అమ్మానాన్నలు, అదే అవతారంలో. ఒక పాప నిమ్మకాయ జారి దొర్లిపోయింది. ఆ పాప పసుపులోకి వంగి, డబ్బా పక్కనున్న నిమ్మకాయను తీసుకుని చెంచాలో పెట్టుకుని సాగిపోయింది.

మొగిలయ్య డబ్బా మూత తీసి లడ్డూలను పరీక్షగా చూశాడు. ఒక్క చీమ లేదు.

పిల్లలు బావి మెట్లు చూశారు. ఆ తర్వాత వాళ్లను పైకి రప్పించడం ఎవరి తరమూ కాలేదు. సమ్మమ్మ తాళం తీసి మనవరాలిని తెచ్చి, దానికీ ఒక చెంచా ఇప్పించింది. వచ్చే ఏడు ఎన్నింటికి రావాలని పాస్టర్ తనంతట తనే సుందర్ రావును అడిగాడు.

కాగితం రాసుకోవాలి గనక, సుందర్ రావును చూపిస్తూ ఈయన మీకేమవుతారని అన్నం గిన్నెలతో బస్సు దిగిన రూతును ఎస్సై అడిగాడు.

"పెండ్లైన కొత్తల ఖిలా చూపిస్తనని మాటిచ్చినాయన సార్. ముప్పై ఏండ్లాయె. ఇయ్యాల చూపెట్టిండు, పోలీస్ బందోబస్తుతోటి."

ఆమె పోయి బావి పైమెట్టు మీద కూర్చుంది. సుందర్ రావు ఒక లడ్డూ తెచ్చి చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు.

బాకీ తీరింది; సాక్షి సంతకం ఎస్సై పెట్టాడు.