కాంభోజికి అడ్డం కొబ్బరికాయ

అరవై ఎనిమిదో సంవత్సరం శ్రీరామనవమి నాడు రాజాం బజారు వీధిలో బట్టల కొట్టు నరసింగరావు పెందలాడే లేచి, తలంటు పోసుకుని, మడత నలగని పంచె కట్టుకుని, ఆ పూటకి ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. పందిట్లో ఎల్లాజీ బ్యాండు చేత కాంభోజి రాగం వాయింపించుకుని వినాలి. అంతే. కొండ మీద కోతిని తెమ్మన్నాడా? లేదు. ఏళ్ళ తరబడి ప్రతి నవమికీ విన్నదే మళ్ళీ ఒక్కసారి వినాలనుకున్నాడు. ఆ మాత్రం దానికి ఒక పెద్దమనిషి పొద్దున్నే పళ్ళు నూరుకోవలసి వచ్చిందంటే, దేశం ఎంత పాడైపోయిందో చూడండి.

ఎల్లాజీది బొబ్బిలి. క్లారినెట్టు వాయిస్తాడు. ఆయన వెనక రెండు బాకాలు, ఒక డోలు, తాళాలు. సీతారాముల కల్యాణం అయిపోయి జనం వడపప్పు నములుతూ ఉండగా ఆయన కళ్ళు మూసుకుని కాంభోజి ఎత్తుకుంటే, అరగంట పాటు బజార్లో బేరమాడేవాడు ఉండేవాడు కాదు. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట బ్యాండులోకి అకార్డియన్ తెచ్చాడు. అంటే హార్మోనియం పెట్టెని మెడకి తగిలించుకుని లాగడమన్నమాట. కిందటేడు దానికి బొంగోలనే చిన్న జంట డోళ్ళు తోడయ్యాయి. అరవై దాటిన ఆ మనిషి ఎర్రకోటు తొడుక్కుని, జనం తలల మీంచి అక్షింతలు రాలకముందే హిందీ సినిమా పాట అందుకున్నాడు. రెండేళ్ళూ కాంభోజి ఊసే లేదు.

దాంతో బజారు వీధి రెండుగా చీలిపోయింది. పాతపక్షానికి నరసింగరావు పెద్ద. కొత్తపక్షానికి పెద్ద ఎవరో పరాయివాడు కూడా కాదు, ఆయన చెల్లెలి మొగుడు, ఎదురుగుండా కొబ్బరికాయల కొట్టు జగన్నాధం. రెండు కొట్లకీ మధ్య గురమ్మ టీ కొట్టు ఉంది. ఒకే బెంచీ మీద కూర్చునేది లేదని ఇరుపక్షాలూ భీష్మించుకుంటే, ఆవిడ రెండు తిట్లు తిట్టి రెండో బెంచీ వేయించింది.

"కాలం మారతన్నాది బావా. ఆ సాగదీత ఇంకా ఎవుడింటాడు?" అనేవాడు జగన్నాధం. "ఎల్లాజీకి ఇప్పుడు గదా కళ్ళు తెరుసుకున్నాయి! ఇన్నాళ్ళూ సేసింది వట్టి సాధన. ఇదీ అసలు ఇద్దె!"

"నోరుముయ్యి! కాయ ఊపి లోన నీళ్ళున్నాయో నేదో సెప్పడం తప్ప నీకు సంగీతమేటి తెలుసు? ఆ పెట్టి వాయించేవోడు ముసలాయనకి మందెట్టీసినాడు. నేకపోతే ఆ కోటేటి, ఆ గెంతులేటి?"

మందు కాదు, డబ్బాశ అన్నాడొకడు. డబ్బాశ కాదు, మద్రాసు వెళ్ళి సినిమాల్లో వాయించాలన్న ఆశ అన్నాడింకొకడు. ఇలా రెండేళ్ళు గొంతులు చించుకున్నారు గానీ, ఎందుకు మార్చావయ్యా అని ఎల్లాజీని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అడిగితే ఆయన చెప్పేస్తాడు. చెప్పేస్తే మర్నాటి నుంచి టీ కొట్లో కూర్చుని ఏం చెయ్యాలి?

ఆ నవమి పొద్దున్న జగన్నాధం రెండో బెంచీ మీంచి, "ఈయేళ కూడా కాంభోజి ఉండదు. ఎల్లి పానకం తాగి తొంగో బావా," అన్నాడు. నరసింగరావుకి ఒళ్ళు మండిపోయింది. టీ గ్లాసు ఠక్కున పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఒరే బావా, ఇను. అందరూ ఇనండి. ఎల్లాజీ కాంభోజి నా సెవిని పడేదాకా పానకం సుక్క ముట్టను. పానకమే కాదు, మంచినీళ్ళు కూడా ముట్టను!"

ఇంటికొచ్చి ఈ ప్రతిజ్ఞ చెబితే, పెసరపప్పు నానబోస్తున్న భార్య చిన్నతల్లి తలెత్తి చూసింది. "ఈ ఎండలోనా? పానకం రాముడిది, పంతం మీది. ఆ రెంటికీ ఏటి సమ్మందం?"

"నీకు సంగీతం తెలీదు," అన్నాడు నరసింగరావు.

"తెలీదు. దాహం తెలుసు," అందామె.

కల్యాణం అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. బిందెలతో పానకం పంచుతున్నారు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిసిన ఆ వాసన ముందు వరసలో కూర్చున్న నరసింగరావు ముక్కు కిందనుంచే పోతోంది. నాలుక అట్టలా అయిపోయింది. ఎల్లాజీ ఎర్రకోటుతో వేదిక ఎక్కి, మెడ తుడుచుకుని, అభిమానులకి దణ్ణం పెట్టాడు. అకార్డియన్ నోరు తెరిచింది. బొంగోలు టకటకలాడాయి. వచ్చింది హిందీ పాట! వెనక నుంచి కొత్తపక్షం ఈలలు వేసింది.

"ఆపండి! కాంభోజి!" అని నరసింగరావు లేచి అరిచాడు.

పందిరి కమిటీ కార్యదర్శి కొండబాబు మైకు అందుకున్నాడు. ఆ మనిషికి ఏడాదికి ఒక్క పూటే మైకు దొరుకుతుంది. మిగతా ఏడాదంతా ఆ పూట కోసమే బతుకుతాడు. "భక్తులు శాంతించాలి. కోపంగా ఉన్నవారు దయచేసి పానకం తీసుకోవాలి," అని ప్రకటించాడు. పందిరంతా నవ్వింది. నరసింగరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

సరిగ్గా అప్పుడు కూరగాయలమ్మే దేముడమ్మ నాలుగు మునక్కాడలు పట్టుకుని వేదిక దగ్గరికి వెళ్ళింది. పాట ఆగిపోయింది. "శ్రీమతి దేముడమ్మగారు ఎల్లాజీ బ్యాండు మీద అభిమానంతో చదివించిన మునక్కాడలు! వారికి సీతారాములు ఆయురారోగ్య ఐశ్వర్యాలు ఇచ్చి కాపాడాలి!" అన్నాడు కొండబాబు. డోలు మీద ఒక దెబ్బ పడింది. పాట మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

అదీ చదివింపు పద్ధతి. ఎంత గొప్ప పాటైనా సరే, చదివింపు వస్తే ఆగాలి. పేరు చదవాలి, దీవించాలి, డోలు కొట్టాలి, పాట మొదటి నుంచి ఎత్తుకోవాలి. మధ్యలోంచి ఎత్తుకుంటే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టు. ఈ సంగతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసినదే అయినా, ఆ ఎండలో, ఆ దాహంలో, ఆ కోపంలో నరసింగరావుకి కొత్తగా తెలిసింది. భుజం మీది తువ్వాలు తీసి కొండబాబు చేతిలో పెట్టాడు.

పాట ఆగింది. దీవెన అయింది. డోలు మోగింది. పాట మళ్ళీ ఎత్తుకుని పల్లవి దాటబోతూ ఉండగా, కొట్లోంచి తెప్పించిన రెండో తువ్వాలు వేదిక ఎక్కింది. తరవాత మూడోది. హిందీ పాట గడప దాటలేక గుమ్మంలోనే పడి దొర్లింది. కొత్తపక్షం వాళ్ళు, "ఏటిది అన్నేయం!" అని గోలపెట్టారు.

"సదివింపు అన్నేయమేటి? సేతనైతే మీరూ సదివించండి!" అని నరసింగరావు ఈసారి ఏకంగా అంచు పంచె తీసుకుని వేదిక దగ్గరికి నడిచాడు. "ఎల్లాజీ! ఇది కాంభోజికి!"

ఎల్లాజీ పంచె కళ్ళకద్దుకున్నాడు. అకార్డియన్ వాణ్ణి ఆగమని సైగ చేసి, కళ్ళు మూసుకుని, క్లారినెట్టు ఎత్తాడు. కాంభోజి మొదటి పలుకు అలా గాలిలోకి లేచిందో లేదో నరసింగరావు ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"శ్రీ జగన్నాధంగారు అభిమానంతో చదివించిన కొబ్బరికాయ!"

కాంభోజి ఆగిపోయింది. డోలు మోగింది. జగన్నాధం పందిరి గుంజకి ఆనుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర ఒక బస్తా ఉంది.

ఇంక చూసుకోండి. కాంభోజి ఎత్తుకుంటే కొబ్బరికాయ, సినిమా పాట ఎత్తుకుంటే తువ్వాలు. రెండు కొట్లూ పందిట్లోకి తరలి వచ్చేస్తున్నాయి. చూస్తూ ఊరుకోలేక జనం కూడా పక్షాలు కట్టి అందినదల్లా చదివించారు. గుమ్మడికాయ వచ్చింది, చేట వచ్చింది, కొత్త చీపురు వచ్చింది. కొత్తపక్షం వాడొకడు కోడిపెట్టని తెచ్చాడు.

"ఒరే, నవమి పూట పందిట్లోకి కోడేటిరా!" అని కమిటీ వాళ్ళు కేకలేశారు.

"కొయ్యమని ఇచ్చినానా? పెంచుకోమని ఇచ్చినాను. సదవండి!"

చదివారు. రాముల వారి ఎదుట కోడికి డోలు దెబ్బ కూడా పడింది. ఎల్లాజీ మాత్రం ఆగమన్నప్పుడల్లా క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని, విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు. పానకం కూడా ఒక చెంబు తాగాడు.

ఇంత ఆవేశంలో కొండబాబు నోరు మాత్రం ఊరుకుంటుందా? వట్టి పేర్లు చదివి చదివి విసుగెత్తి బిరుదులు తగిలించడం మొదలుపెట్టాడు. "కళాపోషకులు, రసికశిఖామణి, శ్రీ జగన్నాధంగారు చదివించిన మరొక కొబ్బరికాయ!" అన్నాడు. వెంటనే, "శ్రీ నరసింగరావుగారు, తువ్వాలు," అన్నాడు.

నరసింగరావుకి ఆ క్షణంలో కాంభోజి లేదు, సినిమా పాట లేదు, రాముడు కూడా లేడు. "నా పంచెకి వట్టి శ్రీ! ఆడి పీచుకాయకి శిఖామణా!" అంటూ వేదిక ఎక్కి మైకు పట్టుకుని లాగాడు. "ఉన్నమాటే సదివినాడు!" అంటూ జగన్నాధం ఎక్కి రెండో వైపు లాగాడు. మధ్యలో కొండబాబు మైకుని కన్నబిడ్డలా కావలించుకున్నాడు. తీగ తెగింది. పందిరి మీది లౌడుస్పీకరు కీచుమని అరిచి నోరుమూసుకుంది. కమిటీ వాళ్ళు బావలిద్దరినీ రెక్కలు పట్టుకుని బజారు మధ్యలోకి తోశారు. పాట రోజూ దొరుకుతుంది, ఇలాంటి కొట్లాట దొరుకుతుందా? పందిరి పందిరంతా లేచి వాళ్ళ వెనకే వెళ్ళిపోయింది.

అక్కడ, రెండు కొట్ల మధ్య, మాట సంగీతంలోంచి చుట్టరికంలోకి దిగింది.

"నీ పెళ్ళిలో ఇదే ఎల్లాజీ, ఇదే కాంభోజి వాయించినాడు. పీటల మీద కూకుని నువ్వు నిద్దరోయినావు!" అని అరిచాడు నరసింగరావు. "నా సెల్లి మోసేత్తో పొడిస్తే లెగిసినావు!"

"నిద్దరొచ్చీలాగున్నాది గాబట్టే నిద్దరోయినాను! ఆ సాగదీతకి పెళ్ళికొడుకే తొంగున్నాడంటే ఆలోసించుకో!"

"సాగదీతంటే సంపీగల్ను!"

ఆ మీద చొక్కాలు పట్టుకున్నారు. జనం అటు కొందరు, ఇటు కొందరు అరుస్తున్నారు. ఆ హోరులో పక్కన పిడుగు పడినా వినబడదు. ఎండ మండిపోతోంది. "ఒరే..." అని మొదలుపెట్టిన నరసింగరావుకి తరవాతి మాట గొంతులో అంటుకుపోయింది. కళ్ళు తిరిగి, తన కొట్టు మెట్ల మీద చతికిలబడ్డాడు.

జగన్నాధం మొహంలో నెత్తురుచుక్క లేదు. "బావా! ఓ బావా!" అంటూ కొట్లోకి పరిగెత్తి లేత బోండాం చెక్కి తెచ్చాడు. "తాగు, నీకు పున్నెముంటాది."

నరసింగరావు పళ్ళు బిగించి తల అడ్డంగా ఊపాడు. "కాంభోజి," అన్నాడు.

"సచ్చిపోతావురా!"

"కాంభోజి."

జగన్నాధం బోండాం మరోసారి బావ నోటి దగ్గరికి తెచ్చి వెనక్కి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కోపమో భయమో ఆయనకే తెలియదు. "సరే, నానే ఓడిపోనాను. లెగు. అరగంట కాదు, సందేళ దాకా వాయింపించుకో. నా కొట్లో కాయ కదిలితే నీ సెల్లి మీద ఒట్టు," అని బావ చెయ్యి తన భుజం మీద వేసుకుని లేవదీశాడు. జనం జై కొట్టారు. ఊరేగింపులా అందరూ పందిట్లోకి తిరిగొచ్చారు.

పందిట్లో చిన్నతల్లి, దేముడమ్మ తప్ప ఇంకెవరూ లేరు. కోడిపెట్ట వడపప్పు ఏరుకుంటోంది. ఎల్లాజీ క్లారినెట్టు విడదీసి, తుడిచి, పెట్టెలో పెడుతున్నాడు.

"వాయించు ఎల్లాజీ!" అన్నాడు జగన్నాధం. "కాంభోజి. నా మాట మీద."

"వాయించీసినాను బాబూ. ఇప్పుడే అయినాది," అన్నాడు ఎల్లాజీ. "తమరి కోసం సూసినాను. అగుపడనేదు."

నరసింగరావు ముందు వరసలో తన చోట కూలబడ్డాడు. చివరికి జగన్నాధమే, రెండేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు వాయించనేదు?"

"ఆయాసం బాబూ. కాంభోజికి పొడుగాటి ఊపిరి కావాల, నా దగ్గిర నేదు. సినేమా పాటయితే ఈ పెట్టివోడు లాక్కెలిపోతాడు, నాను మద్దిలో రెండు ముక్కలు ఊది కూకుంటాను." నవ్వాడు. "ఈయేళ తమరో తువ్వాలు, ఈ బాబో కొబ్బరికాయ, ఆపి ఆపి నన్ను బాగా కూకోబెట్టీసినారు. ఊపిరొచ్చినాది. జనం బయటికెలిపోనారు, సదివింపులూ ఆగిపోనాయి. ఇదే అదునని ఎత్తుకున్నాను. పెట్టివోడు సుతి ఇచ్చినాడు. ఎక్కడా ఆపనేదు బాబూ, ఆకరిదాకా వాయించినాను."

"మళ్ళీ ఒక్కపాలి," అన్నాడు నరసింగరావు. ఆయన గొంతులో కోపం ఎక్కడికో పోయింది.

"అయిపోనాది బాబూ, ఊపిరి. బతికుంటే పైయేడు."

నరసింగరావు భార్య వైపు తిరిగాడు. "ఎలాగున్నాది?"

చిన్నతల్లి పమిటతో మొహం తుడుచుకుంది. "నాకేటి తెలుస్తాది? కళ్ళంట నీళ్ళు కారతనే ఉన్నాయి. దేముడమ్మా ఏడిసింది. మీరుండుంటే బాగుణ్ణు," అంది. పానకం బిందెలోకి తొంగి చూసి, అందులో ఏమీ మిగల్లేదని చెప్పింది. నరసింగరావు బావ చేతిలోని బోండాం తీసుకుని తాగాడు.

మర్నాడు పొద్దున్న గురమ్మ టీ కొట్లో, నిన్నటి కాంభోజి పాతదానంత గొప్పగా ఉందా లేదా అన్న విషయం మీద రెండు బెంచీలూ విరిగాయి.