పొరుగింటి జబ్బు

ఆదివారం పొద్దున్నే బందరులో మొదటి బస్సెక్కి, నాగాయలంక దగ్గరున్న సాయెబుల పేటలో ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఏ జబ్బుందో కనుక్కుని, చీకటి పడకముందే ఇల్లు చేరాలని ఖదీజా అనుకుంది. ఆమె నర్సులకు పాఠాలు చెప్పే టీచరు. ఉప్పెన తర్వాత సర్కారువారు ఒక ఆరోగ్య కేంద్రం ఇస్తామన్నారు. జబ్బులు ఎక్కువని రుజువైతే పేటకి, కాకపోతే వీధికో డాక్టరున్న గుడివాడకి. పోయిన వానల్లో ఈ పేట బాలింత ఒకతె ఆసుపత్రికి వెళ్తూ బస్సులోనే కన్నుమూసింది. అందుకే కేంద్రం పేటకే రావాలని ఖదీజా పట్టుదల.

పరిశోధనలో ఊరివాళ్లను కలుపుకోవాలన్నది కొత్త పద్ధతి. ప్రతి గడపా తెలిసినవాళ్లెవరని వాకబు చేస్తే అందరూ ఖైరున్ బీ పేరే చెప్పారు. ఆమెకు అన్ని గడపలూ ఎలా తెలుసో అడగాలని ఖదీజాకు తోచలేదు. ఖైరున్ బీ పెళ్ళి సంబంధాలు కుదిర్చే మనిషి.

మొదటి ఇంట్లో అడుగుపెడుతూనే ఆమె అలవాటు కొద్దీ, "బందరు నుంచి వచ్చారు. అమ్మాయిని పిలవండి," అంది. ఆపైన తెల్లచీర కట్టుకున్న ఖదీజా, పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడలా, పిల్లకు దగ్గుందా, ఆయాసముందా అని ఆరా తీస్తే ఏ తల్లి ఉందంటుంది? పిల్ల పుట్టాక ఒక్కసారైనా తుమ్మలేదంది. సేమ్యా పాయసం వచ్చింది. కబురు సందులో వీళ్లకంటే ముందు నడిచింది. తర్వాతి ఇంట్లో పిల్ల కొత్త చీరలో సిద్ధంగా ఉంది. దగ్గే తాతను దొడ్లోకి పంపేశారు. ఆ పక్కింటికి వచ్చేసరికి పెళ్ళికొడుకు డాక్టరయ్యాడు. సందు చివరికి బందరులో మేడ కూడా కట్టేశాడు. మొత్తం పేటలో ఆరోజు జబ్బుపడింది పాయసాలు తిన్న ఖదీజా ఒక్కతే.

ఆఫీసరు పూర్ణచంద్రరావు ఆమె తెచ్చిన వివరాలు చూసి ముచ్చటపడ్డాడు. "ఇంత ఆరోగ్యమైన ఊరు మన జిల్లాలోనే లేదండీ. కేంద్రం గుడివాడకే ఇచ్చేద్దాం," అన్నాడు. ఖదీజాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకొక్కసారి వెళ్లొస్తానని బతిమాలుకుంది.

పేట దగ్గర బస్సు దిగగానే మొదటి ఇంటి తల్లి ఎదురొచ్చి, ఆమెను పక్కకు లాగింది.

"ఇంకా ఎవరికీ మాటివ్వలేదు కదమ్మా? పక్కింటి పిల్లకు ఉబ్బసం. నేను చెప్పానని అనకండి."

ఖదీజాకు విషయమంతా అప్పుడు అర్థమైంది. తాను వచ్చింది సంబంధానికి కాదని చెప్పబోయి, ఆ బాలింత గుర్తొచ్చి మానేసింది.

"ఆ తర్వాతి ఇంట్లోనో?" అని అడిగింది.

ఆరోజు ఎవరి ఇంటి సంగతి వాళ్లను అడగలేదు. ఉబ్బసం, క్షయ, మూర్ఛ, ఆగని జ్వరాలు, దొడ్లో తాతతో సహా అన్నీ పక్కింటివాళ్ల నోటినుంచే బయటికొచ్చాయి. కొంతమంది ఉత్సాహం కొద్దీ లేనివి కూడా కలిపారు. ఈసారి పూర్ణచంద్రరావు హడలిపోయి, కేంద్రం పేటకే మంజూరు చేశాడు.

పేట జబ్బులమయమని దివిసీమంతా తెలిసిపోయి బయటి సంబంధాలు రావడం మానేశాయి. పని లేక ఖైరున్ బీ అదే కేంద్రంలో ఆయాగా చేరి, దొడ్డి గుమ్మం దగ్గర కూర్చుంటోంది. పక్కింటివాళ్ల కంట పడకుండా అటునుంచి వచ్చే రోగులకు కొదవ లేదు, బాలింతలు బతుకుతున్నారు.

ముందు తలుపుకు వేసిన రంగు మాత్రం ఇప్పటికీ కొత్తగానే ఉంది.