పెద్దకోడలు పోయిన ఇల్లు

ఒక ఇల్లు చూడదగ్గ స్థలం కావాలంటే అందులో ఎవరో ఒకరు పోవాలి. నిజంగానే పోవాల్సిన అవసరం లేదని సీరియల్ స్థలాల పర్యాటక శాఖ ఈమధ్యే స్పష్టం చేసింది. (నిజంగా పోతే ఆ సంగతి వేరే శాఖ చూసుకుంటుంది.)

ఈ నిబంధన ప్రకారం మేష్టారి ఇల్లు ఒక గురువారం సాయంత్రం, రెండు ప్రకటనల మధ్య, చూడదగ్గ స్థలమైంది. అక్కడ తీస్తున్న సీరియల్లో పెద్దకోడలు ఆ ఇంటి మెట్ల మీంచే జారిపడి కన్నుమూసింది. సోమవారం జారిన మనిషి గురువారానికి గాని పోలేదు. మధ్యలో ఇంటిల్లిపాదినీ పేరుపేరునా క్షమించాల్సి వచ్చింది.

మేష్టారి భార్య కూడా ఆ వారంలోనే పోయింది. ఆవిడకి అంత వ్యవధి దొరకలేదు. ఎవరినీ క్షమించకుండానే పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లలో కొందరు సీరియల్ వేళకి లేచి వెళ్లారు. మర్యాద తెలిసినవాళ్లు లేవకుండా, అక్కడే టీవీ పెట్టమన్నారు. మేష్టారు పెట్టారు. తెర మీద కూడా అదే హాలు, అవే మెట్లు, వాళ్లు కూర్చున్న కుర్చీలే. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఎవరి కోసమని ఆయన అడగలేదు.

ఆ హాల్లో మెట్లకి ఎదురుగోడ మీద ఒక మేకు ఉంది. దాన్ని కొట్టింది మేష్టారి భార్య. సుత్తి ఎక్కడ పెట్టారో కనపడక తాళంకప్పతో కొట్టడం వల్ల అది ఎడమకి కాస్త వంగింది.

"మనిద్దరి ఫోటో ఒకటి పెడదామండీ ఇక్కడ" అంది ఆవిడ అప్పట్లో.

"ముందు మంచి ఫోటో ఒకటి తీయించుకుందాం" అన్నారు మేష్టారు. ఆయన దేనికీ తొందరపడే మనిషి కాదు. మేకు అలా ఉండిపోయింది. దానికి కొన్నాళ్లు గొడుగు వేలాడింది, కొన్నాళ్లు తాళాల గుత్తి. తర్వాత షూటింగ్‌వాళ్లు వచ్చి, "ఈ మేకు వాడుకోవచ్చా అమ్మా?" అని అడిగితే, "వాడుకోండి నాయనా, ఎలాగూ ఖాళీగానే ఉంది" అంది ఆవిడ, మేష్టారి వైపు చూస్తూ.

వాళ్లు దానికి పెద్దకోడలి ఫోటో తగిలించారు. నటి క్షేమంగానే ఉంది. వేరే ఛానల్లో మరిదితో ఆస్తి గొడవల్లో ఉంది. అయినా ఆ ఫోటో ముందు నిలబడి ఏడవడానికి జనం బస్సుల్లో రావడం మొదలుపెట్టారు. రద్దీ ఉన్నచోట శాఖ ఉండాలి గనుక శాఖ కూడా వచ్చింది.

శాఖ తరఫున ఆ ఇంటికి ఒక కంటిన్యుటీ సంరక్షణాధికారిని వేశారు. ఆఖరి సన్నివేశంలో ఏది ఎలా ఉందో అది అలాగే ఉండేట్టు చూడడం అతని ఉద్యోగం. ఆ సన్నివేశంలో అత్తగారి ముంగురులు కదల్లేదు గనుక హాల్లో ఫ్యాను వేయకూడదు. పెద్దమామగారు కుప్పకూలిన కుర్చీలో మరెవరూ కూర్చోకూడదు. (మేష్టారు ఒకసారి బూట్ల లేసు కట్టుకోవడానికి కూర్చున్నారు. ఫిర్యాదు వెళ్లింది.) గోడలకి కొత్త మేకులు కొట్టకూడదు. మేష్టారు ఉండాల్సింది వెనక రెండు గదుల్లో. బడి నుంచి వచ్చిన మేష్టారు లోపలి బృందం బయటికొచ్చేదాకా గేటు దగ్గర నిలబడాలి. ఆయన మెడలో వేసుకోవడానికి ఒక బిళ్ల ఇచ్చారు. దాని మీద 'నివాస సందర్శకుడు' అని ఉంది.

గైడు చేతిలో చిన్న మైకు పెట్టుకుని అందరికీ అన్నీ చెప్పేవాడు. "ఈ మేకు చూడండి. వంకరగా ఉంది కదా? అత్తగారి మనసు ఎంత వంకరో చూపించడానికి దర్శకుడు కావాలని అలా కొట్టించాడు. ఇలా వంగడానికి ముగ్గురు వడ్రంగులు పనిచేశారు." జనం తలలూపేవారు. గేటు దగ్గర నిలబడి మేష్టారు కూడా వినేవారు. పాఠం తప్పు చెబుతున్నప్పుడు ఊరుకోవడం ఆయనకి అలవాటు లేదు. ఈ వయసులో నేర్చుకున్నారు.

ఒకరోజు మరదలు వచ్చింది. అక్కకంటే నోరు పెద్దది, మనసు అంతే. తన బృందం వంతు వచ్చేదాకా వరసలో నిలబడి, బావగారి ఇంట్లోకి అడుగుపెట్టింది.

"ఇదేం ఖర్మ బావగారూ. మా అక్క కొంపలోకి రావడానికి నా వేలి మీద సిరా చుక్క పెట్టారు."

"రెండోసారి రాకుండా పెడతారమ్మా. చిన్నపిల్లలకి లేదు."

"సరే గానీ, అక్క ఫోటో ఏదీ? ఎక్కడా కనపడదే?"

మేష్టారు వెనకగదిలోకి తీసుకెళ్లారు. బీరువాకి ఆనించి ఒక ఫోటో ఉంది. బడి వార్షికోత్సవంలో ఎవరో తీసింది. అందులో మేష్టారు కెమెరా వైపు చూస్తున్నారు. ఆవిడ ఆయన వైపు చూస్తూ ఏదో అంటోంది.

"ఏమంటోంది ఇందులో?"

"కాలరు సరిచేసుకోమంటోంది."

మరదలు వంగి ఫోటోని దగ్గరగా చూసింది. "అంత పని ఉన్న మనిషిని ఇలా కింద కూర్చోబెట్టారేం? ఈ గదిలోనైనా ఒక మేకు కొట్టుకోవచ్చుగా?"

"కొట్టిన మేకు ఒకటి ఉందమ్మా."

"అయితే వెళ్లి అడగండి. మీరు నోరు తెరిచి అడిగితే కాదనేదెవరు? అడగరు, అదీ మీ జబ్బు. అక్క ఎప్పుడూ అనేది."

మేష్టారు అడగడానికి వెళ్లారు. సంరక్షణాధికారి లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నాడు.

"రండి మేష్టారూ, కూర్చోండి. ఈ కుర్చీ పర్వాలేదు, ఇది ఏ సన్నివేశంలోనూ లేదు."

మేష్టారు విషయం రెండు వాక్యాల్లో చెప్పారు. మేకు తన భార్య కొట్టింది. దానికి తమ ఫోటో తగిలించుకోవాలి.

"ఏ ఎపిసోడ్లో కొట్టారండీ?"

"ఎపిసోడ్లో కాదు బాబూ. ఒక ఆదివారం."

"ఆదివారాలు ప్రసారం ఉండదండీ" అన్నాడు అధికారి బాధగా.

"ప్రసారం కాలేదు. నేను చూశాను."

"మీరొక్కరే చూస్తే దాన్ని ప్రేక్షకాదరణ అనడం కష్టమండీ. అదలా ఉంచండి. ఫోటోలో ఎవరెవరున్నారు?"

"నేనూ, మా ఆవిడా."

అధికారి నిబంధనలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు. "అదే చిక్కు. ఆ మేకు పోయినవాళ్లకి కేటాయించింది. ఫోటోలో మీరు బతికే ఉన్నారు."

"మా ఆవిడ పోయింది కదా."

"సగమే అర్హత వస్తుందండీ. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు పోతే జనం ఎవరి కోసం ఏడవాలో తెలీక తికమకపడతారు. మొదట పోయినావిడకే ప్రాధాన్యం."

"మొదట పోయింది మా ఆవిడే. మంగళవారం."

అధికారి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. "మంగళవారానికి పెద్దకోడలు జారిపడి ఉందండీ" అన్నాడు చివరికి. "మీరే చెప్పేవారు కదా మేష్టారూ, అడిగినదానికే జవాబు రాయాలి, మన సొంత కథ కలపకూడదని."

ఆ మాట ఆయన అనేవారు. కాదనలేక లేచి వచ్చేశారు.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఒక ముసలామె ఆయన పక్కన నిలబడింది. లోపల ఏడ్చి వచ్చింది. ముక్కు ఇంకా ఎర్రగా ఉంది.

"పెద్దకోడలికి మీరేమవుతారు బాబూ?"

"ఏమీ కానండి."

"మరి మొహం అంతలా వాడిపోయిందేం?"

"మా ఆవిడ పోయిందండి."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత ఎంతో ఆప్యాయంగా అడిగింది:

"ఏ సీరియల్లో?"

మేష్టారు ఛానల్ పేరు ఏదో ఒకటి చెబితే పోయేది. ఆయనకి అబద్ధం చేతకాదు. "ఇంట్లోనండి" అన్నారు. ఆమె ఆ సీరియల్ తను చూడలేదని నొచ్చుకుంది.

వానలు వెనకబట్టాక పెద్దకోడలు తిరిగొచ్చింది. మెట్ల మీంచి జారిపడింది ఆవిడ కాదట, అచ్చం ఆవిడలాగే ఉండే మరొకావిడట. (ఆ మరొకావిడ కోసం ఎవరూ ఏడవలేదు. ఆవిడకి ఏ శాఖనీ కేటాయించలేదు.) బతికున్న మనిషి ఫోటో అలా గోడమీద ఉంచడం అశుభమని ప్రేక్షకులు అభ్యంతరం చెప్పడంతో శాఖ దాన్ని దించి తీసుకెళ్లింది. మేకు ఖాళీ అయింది.

మరదలు ఫోన్ చేసింది. "విన్నారా బావగారూ? అది బతికింది. మేకు మనదే. వెళ్లండి, ఈసారి ఆలోచించకుండా వెళ్లండి."

మేష్టారు ఫోటో అద్దం తుడిచి, కాగితంలో చుట్టి, చంకలో పెట్టుకుని వెళ్లారు. ఆయన అంత గబగబా నడవడం వీధిలో ఎవరూ చూసి ఉండరు.

హాల్లో మేకు చుట్టూ ఎర్ర తాడు కట్టి ఉంది. గైడు మైకులో చెబుతున్నాడు: "ఈ ఖాళీ చూడండి. ఇక్కడే ఉండేది ఆవిడ ఫోటో. ఇప్పుడు లేదు. అంటే ఏమిటి? ఆవిడ ఉంది." జనం చప్పట్లు కొట్టి, ఖాళీ గోడ ముందు నిలబడి నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు. రద్దీ మునుపటికి రెట్టింపైంది.

అధికారి మళ్లీ లేచి నిలబడ్డాడు. "క్షమించండి మేష్టారూ. మేకు హోదా మారింది. ఇప్పుడది తిరిగొచ్చినవాళ్లకి కేటాయించింది. ఫోటోలో ఒకరు పోయారు."

"పోయినసారి నేను బతికున్నానన్నావు."

"అప్పటికది నిజమే కదండీ."

మేష్టారు కాగితం చుట్టిన ఫోటోని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అధికారికి ఆయనంటే నిజంగానే గౌరవం. ఏదైనా దారి దొరుకుతుందేమోనని నిబంధనలన్నీ మొదటి నుంచి చదివాడు. ఒకచోట ఆగాడు.

"ఒక అవకాశం ఉందండీ. అమ్మగారు తిరిగొచ్చే వీలు ఏమైనా ఉందా?"

మేష్టారు ఏ ప్రశ్ననీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. ఆలోచించారు. పైన తిరగని ఫ్యాను వైపు చూశారు. కాలరు సరిచేసుకున్నారు.

"లేదు బాబూ" అన్నారు.

అధికారి ఆ జవాబు రాసుకున్నాడు.

లోపలి బృందం బయటికొచ్చేదాకా గేటు దగ్గర నిలబడి, మేష్టారు వెనకగదికి వెళ్లి, కాగితం విప్పి, ఫోటోని మళ్లీ బీరువాకి ఆనించారు. హాల్లో మేకు ఖాళీగా ఉంది. ఫోటో ఇంకా తగిలించలేదు.