ఇంటర్వెల్ దాకా చూసిన సినిమా

ఆ ఆదివారం పొద్దున అపార్టుమెంటు ప్రెసిడెంటుగారు వేసుకున్న పథకం ఎంతో చిన్నది. సాయంత్రం కింద హాల్లో అందరికీ ఓ పాత సినిమా చూపించి, ఆ ఊపులోనే చేతులెత్తించి, మళ్ళీ ప్రెసిడెంటైపోవడం. అంతే. సినిమా ఎంచింది బామ్మర్ది. "పత్రిక పెట్టినాయన్ని ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంది బావా, అచ్చం నువ్వే!" అన్నాడు. ఆ బామ్మర్ది మహానుభావుడికి బుద్ధెరిగాక ఏ సినిమా అయినా ఇంటర్వెల్ దాకానే, ఆపైన గురకే. ఆ సంగతి ఈయన అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

"ముందు మీరోసారి చూడరాదూ?" అంది వాళ్ళావిడ.

"నా కథ నేను చూడాలా?" అని, 'తెరమీద నా జీవితం' అంటూ ఫోన్ గ్రూపులో వీడియో పెట్టేశారు. అది చూసి కేబుల్ టీవీ వాళ్ళు కెమెరాతో దిగారు. ఇంకేం, మీసానికి రంగు పడింది.

మొదటి సగం చప్పట్లే చప్పట్లు. హీరోకి చప్పట్లు కొట్టిన ప్రతిసారీ ఈయనే లేచి దండం పెట్టారు. రెండో సగంలో ఆ హీరో ఊళ్ళో ప్రతి గోడకీ తన ఫొటో తగిలించాడు. ఊరి నీళ్ళ పెత్తనం బామ్మర్దికి రాసిచ్చాడు.

"మన లిఫ్టులో ఫొటో కూడా ఇంతే ఉందే!" అన్నారెవరో.

"మన నీళ్ళ మోటారు మాత్రం ఎవరి చేతిలో ఉందేం?" అంది పోటీకి నిలబడ్డ మూడో అంతస్తు టీచరమ్మ.

హాలంతా ఒకటే నవ్వు. కెమెరా గిర్రున ఈయన వైపు తిరిగింది.

"ఇది నా కథ కాదు!"

"పొద్దున మీరేగా చెప్పారు సార్?"

"ఒరేయ్ బామ్మర్దీ, మెయిన్ స్విచ్ ఆపెయ్యరా!"

బామ్మర్ది గురకలోంచి ఉలిక్కిపడి లేచి, పరిగెత్తి ఆపేశాడు. తెర పోయింది, ఫ్యాన్లు పోయాయి, కళ్ళు పొడుచుకున్నా ఏమీ కానరాని చీకటి. ప్రెసిడెంటుగారికి ప్రాణం లేచొచ్చింది.

"ఓటింగు కానిద్దాం! నేను వద్దనేవాళ్ళు చేతులెత్తండి! చూశారా, ఒక్క చెయ్యి కూడా కనబడలేదు. మళ్ళీ నేనే!"

నిజమే పాపం, ఆయన చెయ్యే ఆయనకి కనబడటంలేదు.

"బావ గెలిచాడు!" అన్న సంబరంలో బామ్మర్ది మెయిన్ వేసేశాడు. హాలు నిండా లేచిన చేతులే. వాళ్ళావిడవైతే రెండూ లేచి ఉన్నాయి.

"నువ్వు కూడానా?"

"ఇకనైనా ఇంట్లో మైకు లేకుండా మాట్లాడతారనండీ!"

గెలిచిన టీచరమ్మ, ఒక్క మాట చెప్పి కూర్చుంటానంటూ మైకు అందుకుంది. ఇంతవరకూ కింద పెట్టలేదు.