సరసమ్మ షడంక విజయము

పొరుగింటి సౌభాగ్యం చెప్పినదట: "ఆ సరసమ్మకు అమెరికా నుంచి డాలర్లు మూటలు మూటలుగా వస్తా ఉండాయి. రాగుల గాదెలో దాచిపెట్టినాది, పైన చేట బోర్లించి." సౌభాగ్యానికి ఈ మాట కోళ్ళు కొనేవాడు చెప్పినాడట. వానికెవరు చెప్పినారో ముక్కోటి దేవతలకును తెలియదు.

గాదెలో ఉన్నవి రాగులే. నిజమైన కథ వినుడు, నెలనెలా రీచార్జి చేయించుకొను పుణ్యాత్ములారా! కావేరి పక్కనే పారుచున్నను దాని చల్లగాలి పేరుకు మాత్రమే వీచునట్టిదియు, చిత్తిరై మాసపు చండభానుడు చింతచెట్టు నీడను సైతము పెనము మీది దోసెవలె మాడ్చునట్టిదియు నగు పెన్నాగరం సీమయందు, ఏరియూరను గ్రామరాజమున, ఒక శనివారము ఉదయము పది గంటలకు, రాగిసంగటి నిర్మాణ ధురంధరయు, ఉలవగుగ్గిళ్ళ చక్రవర్తినియు, సప్తసహస్ర వీక్షకజన సంస్తుతయు నగు సరసమ్మ, చేత తెడ్డు ధరించి, వీథి వాకిట తపాలా అంజప్పను అడ్డగించెను.

అడ్డగించుటకు కారణము గలదు. ఏడాదిగా ఆమె వంట వీడియోలు లోకము చూచుచుండెను. నడుమ వచ్చు ప్రకటనల వలన ఆమె పేర డాలర్లు చేరెను గాని, అవి వీడియో కంపెనీవారి కోశాగారమున చెరబడియుండెను. చెర విడవవలెనన్న ముందు ఇంటి చిరునామా నిజమని నిరూపింపవలె. అందుకై కంపెనీవారు తపాలలో ఒక జాబు పంపుదురు. అందులో ఆరంకెల పిన్ను ఉండును. దానిని ఫోనులో కొట్టవలె. మొదటి రెండు జాబులు దారిలోనే మాయమాయెను. మూడవది కడపటిది. గడువు ఆనాటి సాయంత్రము ఐదు గంటలు. దాటినచో ప్రకటనలు ఆగును, డాలర్లు ఆగును. ఇంతకాలము వీడియోలు తీసినది కూతురు సుగన్య ఫోను. సుగన్య సోమవారము హోసూరు కంపెనీలో ఉద్యోగమున చేరబోవుచున్నది. ఫోను కూడ ఆమె వెంట పోవును. డాలర్లు వచ్చిననే సరసమ్మకు సొంత ఫోను. రాకున్న పొయ్యి మిగులును, లోకము మిగలదు.

"అంజప్పా! నా ఫారిన్ జాబు ఏమాయె?"

"ఏమక్కా, తమాషా చేస్తావా? పది దినాల ముందే మీ అత్త చేతికి ఇచ్చినానే! మజ్జిగ కూడా పోసింది."

సరసమ్మ సింహమధ్యమ కాకున్నను సింహమువలె తిరిగి లోపలికురికెను. అచట వృద్ధసామ్రాజ్ఞి మునియమ్మాళ్ గోడకానుకొని వక్కలు కత్తిరించుచుండెను.

"అత్తా, జాబు ఎక్కడ?"

"గోడలో దేవుని మాడంలో, దీపం పక్కన ఉంది. ఫారిన్ నుంచి లక్ష్మి వచ్చిందే, ఊరికే పెడతానా? పసుపు పెట్టినాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నువ్వు ఫోన్లో ఊరంతా చెప్తావు. సౌభాగ్యం కన్ను పడదా?"

పెండ్లిపత్రికకు నాలుగు మూలల పసుపు పెట్టుట ఆచారము. కాని ఇది సప్తసముద్రములు దాటి వచ్చిన పత్రిక గనుక మునియమ్మాళ్ భక్త్యావేశమున నడుమను కూడ, గోడకు సున్నము మెత్తినట్లు, తడిపసుపు మెత్తియుండెను. పలుచని కాగితము, తడి లోపలికి దిగెను. సుగన్య అంచులు చించి విప్పి చూచి నెత్తి కొట్టుకొనెను.

"అయ్యో దేవుడా, కడవుళే! అయిదు నెంబర్లు తెలుస్తా ఉండాయి. నాలుగోది పూరా పసుపు మా! మూడు తడవలే కొట్టనిస్తుంది. తప్పితే లాక్!"

అంతట ప్రథమ సంగ్రామము. "ఎనిమిది మాదిరి ఉంది," అని సుగన్య ఎనిమిది ప్రయోగించెను. తెర ఎఱ్ఱబడెను. మునియమ్మాళ్ వక్క నమలుచు, "మురుగనికి ముఖాలు ఆరు. ఆరు కొట్టు," అని ఆజ్ఞాపించెను. ఆరు ప్రయోగింపబడెను. తెర మరల ఎఱ్ఱబడెను. మిగిలినది ఏకైక బాణము.

అప్పుడు సరసమ్మ తెడ్డునెత్తి, "నిలువుము సుతా! దైవజ్ఞులకును అభేద్యమైన ఈ పీతాంధకారమును భేదింప సహస్రకిరణుని శరణు వేడుదము గాక!" అని గర్జించెను. ఏరియూరు భాషలో ఆమె అన్నమాట ఇది: "ఫోను కింద పెట్టు పాపా. పసుపు మరకకు ఎండే మందు. చీర మీద పడితే ఏం చేస్తాము?"

ఎండిన పసుపును గోటితో గీకి, జాబును మిద్దె మీద మిరపకాయల నడుమ పరచి, నాలుగు మూలల నాలుగు రాళ్ళు పెట్టి, వీరనారి కావలి కూర్చుండెను. పన్నెండాయెను. ఒంటిగంట ఆయెను. నడినెత్తిన భానుడు, కింద కాళ్ళు కాల్చు మిద్దె, కంట మిరపఘాటు, ఆమె కదలలేదు. రెండు గంటలకు మేట్టూరు దిక్కున ఒక మేఘాసురుడు నల్లని పొట్ట వేసికొని బయలుదేరెను. నాలుగు నెలలుగా వాన కొరకు మొక్కిన ఆ కాపుబిడ్డ, తన పొలము చూచుచుండగానే, "పో! పో! ఈపొద్దు వద్దు, రేపు రా!" అని వానను తిట్టెను. మేఘుడు సిగ్గుపడి తొలగెను. మూడు గంటలకు వాయసవీరుడొకడు జాబు మూల ముక్కున కరచి లాగెను. తెడ్డు గగనమున చక్రమువలె తిరిగెను. వాయసవీరుడు ఒక ఈకను కప్పముగా సమర్పించి పలాయితుడాయెను.

నాలుగుంపావుకు పసుపు వెలవెలబోయెను. ఆ వెలిసినచోటనుండి, పొగమంచులో కొండవలె, నల్లని అంకె మెల్లగా మేలుకొనెను.

"తొమ్మిది!" అని సుగన్య అరచెను.

"ఆరే అది," అనెను కిందినుండి మునియమ్మాళ్, "తలకిందులుగా నిలబడింది. నేను చెప్పినాను కదా."

ఆరంకెలు నొక్కబడెను. సుగన్య వేలు ఆగెను. సరసమ్మ కన్నులు మూసికొని తానే కడపటి మీట నొక్కెను. తెర మీద పచ్చని టిక్కు వెలసెను.

మ్రోగుడు దుందుభులారా! చిరునామా నిజమాయెను! ఏరియూరున సరసమ్మ ఇల్లు గలదని, పుట్టిననాటినుండి ఆ ఇంటనే ఉన్న గోడలకును తెలిసిన ఆ మహాసత్యమును, నేడు అమెరికా అంగీకరించెను!

సరసమ్మ చెమట తుడుచుకొని, "దుడ్డు ఎప్పుడు వస్తుంది పాపా?" అని అడిగెను.

"ఇంకా బ్యాంకు పేరు, స్విఫ్ట్ కోడు, టాక్స్ ఫారం అన్నీ పెట్టాల మా. డాలరు బ్యాంకుకు వచ్చి రూపాయి కావాల. వచ్చే నెల ఇరవై ఒకటి దాటుతుంది."

"సోమవారం నువ్వు పోతావు. అంతవరకు వీడియో ఎట్ల?"

మునియమ్మాళ్ వక్క ఉమ్మి వచ్చి కూర్చుండెను. "ఒక ఏడాదిగా మీరు వీడియో తీసి ముగించేలోపల సంగటి ఆరిపోతా ఉంది. ఈ ఒక నెలన్నా వేడిగా పెట్టు."