సోఫాలో మంత్రిగారి గోడు

బ్యానర్ మీద ‘మానసిక గాయాల చికిత్సలో శిక్షణా కేంద్రం’ అన్న అక్షరాల కంటే మంత్రిగారి బొమ్మ పెద్దదిగా ఉండాలి. దారి పొడవునా నీళ్ళు చల్లాలి. ఎదురెదురుగా రెండు సోఫాలు వేయాలి. వరద బాధితులు కన్నీళ్ళు పెట్టుకోవాలి, అయితే మంత్రిగారు మాట్లాడేటప్పుడు కాదు.

అధికారిగారు పురమాయించిన ఈ పనులన్నీ ట్రైనీ సైకాలజిస్టు శ్రద్ధగా చేసింది. ఇంటిల్లిపాదికీ మొదటి డిగ్రీ ఆమెదే. పై అధికారికి ఎదురు చెప్పడం సిలబస్‌లో లేదు. ఒక్క సోఫాల దగ్గరే నోరు పెగిలింది. ఈ కొండ ఊళ్ళ ఆదివాసులు మొహంలో మొహం పెట్టి కష్టం చెప్పుకోరనీ, చేతిలో పని ఉంటేనే నోట మాట వస్తుందనీ, అందుకే తాను వాళ్ళతో కలుపు తీస్తూ వైద్యం చేస్తున్నాననీ విన్నవించింది. వరదలో ఇల్లూ కొడుకూ పోయినప్పటినుంచి ఆ ఊసే ఎత్తని అవ్వ, ఈరోజు బఠాణీలు ఒలుస్తూ చెబుతానని మాటిచ్చిందని కూడా చెప్పింది.

“కలుపు తీయడానికా తల్లీ నీకు స్టైపెండు?” అన్నారు అధికారిగారు. అవ్వ చెప్పేదేదో సోఫాలోనే, మంత్రిగారికే చెప్పాలని తేల్చారు.

మంత్రిగారిది వెన్నలాంటి మనసు. రిబ్బను కత్తిరించి, అవ్వ ఎదుట కూర్చుని, బాధ చెప్పమన్నారు. అవ్వ తన ఖాళీ చేతులు చూసుకుంది. కెమెరాలు ఎదురుచూశాయి. ట్రైనీ మెల్లగా బఠాణీల బుట్ట తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. అవ్వ ఒలవసాగింది. ఊరికే కూర్చోలేక మంత్రిగారూ ఓ కాయ అందుకున్నారు.

నాలుగు కాయలు ఒలిచేసరికి ఆయనకే నోట మాట వచ్చింది.

“మా బావమరిది, అవ్వా. నా సీటుకే ఎసరు పెట్టాడు.”

“నీ ఇంట తిన్నవాడేనా నాయనా?”

“పదేళ్ళు తిన్నాడు.”

“అయితే ఏడువు.”

ఆయన ఏడ్చారు. రుమాలు అందించబోయిన అధికారిగారికి తన ఆగిపోయిన ప్రమోషన్ గుర్తొచ్చి, ఆయనా బుట్ట పక్కన చేరారు. అవ్వ వంతు ఎప్పుడొస్తుందా అని ట్రైనీ చూస్తూనే ఉంది. బుట్ట ఖాళీ అయింది.

తేలికపడ్డ మనసుతో మంత్రిగారు మైకు అందుకున్నారు. ఇంత గొప్ప వైద్యం కొండల్లో మరుగున పడి ఉండటం తనను కలచివేసిందన్నారు. గాయపడ్డవాళ్ళు ఎక్కువగా ఉన్నచోటే సేవలు అందాలి కాబట్టి, కేంద్రాన్ని వెంటనే పార్టీ ఆఫీసుకు తరలిస్తున్నామని ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి.

సోఫాలతోపాటు ట్రైనీనీ జీపెక్కించారు.

“నాది రేపు చెప్పుకుందాంలే తల్లీ” అంది అవ్వ, పొట్టు ఊడుస్తూ.

మంత్రిగారిని ఎలాగూ మరిచిపోనివ్వరు, గోడగోడకూ ఉన్నారు. ఇది చదివినవాళ్ళు ఆ అవ్వను గుర్తుంచుకోవాలని మనవి.